స్కాట్లాండ్ హైలాండ్స్‌లో కారు ప్రయాణం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేము ఎడిన్‌బరో వచ్చి పదకొండేళ్లయింది. ఏటా ఎండాకాలం సెలవులు దగ్గరపడేసరికి బంధువులు, స్నేహితులు, స్నేహితుల స్నేహితులు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లవీ లండన్ నుంచి వచ్చేవాళ్లవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. అందరికీ మొదట చెప్పే మాట ఒకటే: తక్కువ ఊళ్లు పెట్టుకోండి, ప్రతి ఊళ్లో రెండు రాత్రులు ఉండండి.

హైలాండ్స్ అంటే ఏ ప్రాంతం? ఎడిన్‌బరో కూడా అందులోదేనా?

కాదు. ఎడిన్‌బరో, గ్లాస్గో రెండూ దక్షిణాన ఉన్న చదును నేలలోవి. వాటికి ఉత్తరాన, పడమరగా లేచే కొండల ప్రాంతం హైలాండ్స్. బ్రిటన్‌లో అన్నిటికంటే ఎత్తయిన బెన్ నెవిస్ ఇక్కడే ఉంది. దాని ఎత్తు 1,345 మీటర్లే. హిమాలయాలు చూసినవాళ్లకు అంకె చిన్నగా అనిపిస్తుంది కానీ ఈ కొండలు సముద్రమట్టం నుంచే నిటారుగా లేస్తాయి. పైగా చెట్లు తక్కువ కాబట్టి కొండ ఒళ్లంతా కనపడుతుంది.

మ్యాప్‌లో పేర్లు చూసి కంగారు పడొద్దు. చాలావరకు గేలిక్ భాషవి. లాఖ్ అంటే సరస్సు, లేదా లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. గ్లెన్ అంటే లోయ, బెన్ అంటే కొండ, ఇన్వర్ అంటే నది కలిసేచోటు, ఐలీన్ అంటే దీవి, డన్ అంటే కోట. మనకు దుర్గం, కొండ అని ఊరి పేర్లుంటే నేల ఎలాంటిదో తెలిసిపోతుంది కదా, ఇక్కడా అంతే. రోడ్డు బోర్డుల మీద గేలిక్, ఇంగ్లీషు రెండూ ఉంటాయి.

ఎన్ని రోజులు కావాలి? ఏ దారిలో వెళ్లాలి?

ఆరు రాత్రులు. మూడు రోజుల్లో స్కై దీవి దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లున్నారు కానీ వాళ్లు ఎక్కువగా చూసేది కారు అద్దమే.

మేము అందరికీ చెప్పే దారి ఇది. గ్లాస్గో నుంచి ఎ82 రోడ్డు పట్టుకుని లాఖ్ లోమండ్ ఒడ్డునే గ్లెన్కో లోయకు, సుమారు 145 కి.మీ. అక్కడ గానీ ఫోర్ట్ విలియంలో గానీ రెండు రాత్రులు. అక్కడి నుంచి ఐలీన్ డోనన్ కోట మీదుగా స్కై దీవికి వెళ్లి పోర్ట్రీ చుట్టుపక్కల రెండు రాత్రులు. దీవి అయినా 1995 నుంచి వంతెన ఉంది, టోల్ లేదు. తిరుగుదారిలో లాఖ్ నెస్ పక్కగా ఇన్వర్నెస్ చేరి రెండు రాత్రులు. చివరి రోజు ఎ9 మీద ఎడిన్‌బరోకు 250 కి.మీ.

మ్యాప్ రెండు గంటలంటే మీరు మూడు వేసుకోండి. గొర్రెలు అడ్డొస్తాయి, వాన వస్తుంది, మలుపు తిరగ్గానే ఆగాలనిపించేది ఏదో కనపడుతుంది.

నార్త్ కోస్ట్ 500 అని విన్నాం. అది చేయొచ్చా?

ఇన్వర్నెస్‌లో మొదలై ఉత్తర తీరమంతా చుట్టి మళ్లీ అక్కడికే వచ్చే 516 మైళ్ల దారి అది. 2015లో ఆ పేరు పెట్టారు. అందమైన దారే, కానీ మొదటిసారి వచ్చేవాళ్లకు నేను చెప్పను. అందులో యాపిల్‌క్రాస్‌కు వెళ్లే బయలాఖ్ న బా కనుమ 626 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఒక్క కారు పట్టే రోడ్డు, వెంట్రుకపిన్ను మలుపులు. ఘాట్ రోడ్లు బాగా అలవాటున్నా రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

ఏ నెలలో రావాలి?

మే, జూన్. అప్పుడు రాత్రి పదింటికి కూడా వెలుతురుంటుంది. వాన మిగతా నెలలతో పోలిస్తే కాస్త తక్కువ. జూలై, ఆగస్టుల్లో జనం, మిడ్జిలు రెండూ ఎక్కువే. సెప్టెంబరు చివర, అక్టోబరులో కొండలు రాగిరంగుకు తిరుగుతాయి. పొగమంచు కోసమే వచ్చేవాళ్లకు అదే మంచి కాలం. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటగానే చీకటి పడుతుంది, చాలా కోటలు మూసేసి ఉంటాయి.

మిడ్జి అంటే నువ్వుగింజలో సగం కూడా ఉండని పురుగు. గాలి లేని తడి సాయంత్రాల్లో మేఘంలా కమ్ముకుంటుంది. దోమలా రోగాలేమీ తేదు, దురద మాత్రం ప్రాణం తీస్తుంది. కాస్త గాలి వీస్తే ఎగరలేదు, అందుకే సముద్రం ఒడ్డున బెడద తక్కువ. ఇక్కడి మందుల షాపుల్లో దొరికే స్ప్రే, తలకు వేసుకునే వల కొనుక్కోండి.

మన ఇండియా లైసెన్స్ చెల్లుతుందా?

చెల్లుతుంది. పర్యాటకులుగా వచ్చినవాళ్లు దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి 12 నెలల దాకా మన లైసెన్స్‌తో కారు నడపొచ్చు. కొన్ని అద్దె కంపెనీలు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతాయి కాబట్టి ఆర్టీఓ ఆఫీసులో తీసుకుని రావడం మంచిది. ఇక్కడా ఎడమవైపే నడపాలి, స్టీరింగ్ కుడివైపే. సగం టెన్షన్ అక్కడే పోతుంది. గేర్లు లేని కారు కావాలంటే బుక్ చేసేటప్పుడే ఆటోమేటిక్ అని అడగాలి.

వేగం లెక్క మైళ్లలో. ఊళ్ల బయట రెండువైపులా వాహనాలు తిరిగే మామూలు రోడ్డు మీద హద్దు 60 మైళ్లు. అది హద్దు మాత్రమే, అంత వేగంగా పోవాలని కాదు. తాగి నడపడం విషయంలో స్కాట్లాండ్ చట్టం ఇంగ్లండ్ కంటే గట్టిది. 2014 డిసెంబరు నుంచి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు దాటకూడదు. విస్కీ తయారీ చూడ్డానికి వెళ్తే నడిపేవాళ్లు రుచి చూడొద్దు. వాళ్ల వంతు చిన్న సీసాలో పోసి ఇవ్వడం చాలాచోట్ల ఉంది, అడగండి. పన్నెండేళ్లు గానీ 135 సెంటీమీటర్లు గానీ నిండని పిల్లలకు కారు సీటు తప్పనిసరి.

కారు తీసుకునేటప్పుడు నాలుగు చక్రాలు, అద్దాలు, బంపర్లు వీడియో తీయండి. ఒకసారి మేము తియ్యలేదు. చక్రం రిమ్ము మీద పాతగీత ఒకటి మా ఖాతాలో పడింది, రుజువు లేక డబ్బు కట్టాం.

సింగిల్ ట్రాక్ రోడ్డు అంటే ఏమిటి? ఎదురుగా బండి వస్తే ఎలా?

అందరికీ ఎక్కువ భయం దీని గురించే, నిజానికి నేర్చుకోవడం చాలా తేలిక. రోడ్డు వెడల్పు ఒక్క కారంత. కొద్ది దూరానికొకచోట రోడ్డు పక్కకు ఉబ్బినట్టుంటుంది, దాని దగ్గర "పాసింగ్ ప్లేస్" అని బోర్డుంటుంది. ఎదురుగా బండి కనపడగానే ఎవరికి దగ్గరుంటే వాళ్లు ఆగాలి. ఆ చోటు మీకు ఎడమవైపుంటే అందులోకి వెళ్లండి. కుడివైపుంటే అందులోకి వెళ్లకూడదు, దానికి ఎదురుగా మీ రోడ్డు మీదే ఆగితే అవతలి బండి అందులోంచి చుట్టి పోతుంది. ఎత్తు ఎక్కేవాళ్లకు మీరే దారి ఇవ్వాలి.

రెండోది, మనవాళ్లు మర్చిపోయేది: వెనకాల ఎవరైనా తరుముకొస్తున్నట్టు అనిపిస్తే వాళ్లను పోనివ్వడానికీ ఆ చోట్లే వాడాలి. వెనకున్నది పోస్టు వ్యానో నర్సో స్కూలు బస్సో అయ్యుండొచ్చు. మనకది సెలవు, వాళ్లకది రోజూ పనికెళ్లే దారి. ఫోటో కోసం పాసింగ్ ప్లేసులో కారు పెట్టి దిగడం అస్సలు చేయొద్దు. పోయేటప్పుడు స్టీరింగ్ మీంచి నాలుగు వేళ్లు ఎత్తి చూపిస్తారు, మీరూ ఎత్తండి. రెండో రోజుకల్లా మా అబ్బాయి వెనకసీట్లోంచి ప్రతి బండికీ చెయ్యెత్తేవాడు.

రోడ్డు అంచు పచ్చగడ్డి గట్టినేల అనుకోవద్దు. స్కైలో ఒకసారి లారీకి దారి ఇద్దామని ఎడమ చక్రాలు గడ్డిలోకి దించాను. అది బురద. ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరే దిగి తాడు కట్టి లాగాడు, ఇరవై నిమిషాల పని. డబ్బు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

అంత దూరం వచ్చాక పొగమంచు కమ్మేసి ఏమీ కనపడకపోతే?

ఒక పూట కమ్మేస్తుంది, ఖాయం. రెండు రాత్రులు ఉండమని నేను పోరు పెట్టేది అందుకే. ఒక్క రాత్రి ఉన్నవాళ్లకు అదే పూట మంచు పడితే ఆ ఊరు పోయినట్టే. రెండు రాత్రులుంటే మూడు పూటలు మీ చేతిలో ఉంటాయి. పడమటి నుంచి అట్లాంటిక్ తేమగాలి వచ్చి ఈ కొండలను తాకి పైకి లేస్తుంది, చల్లబడి మబ్బవుతుంది. ఆ మబ్బు కొండల మీదే కూర్చుంటుంది, గాలి మారగానే జరిగిపోతుంది.

ఐలీన్ డోనన్ దగ్గరికి మేము మొదటిసారి వెళ్లింది ఉదయం ఏడున్నరకు. పార్కింగులో దిగితే ఎదురుగా ఏమీ లేదు, పాలనురుగులాంటి తెలుపు. రాతివంతెన మొదలు కనపడుతోంది, రెండో కమాను దగ్గర ఆగిపోయినట్టుంది. సముద్రపు నాచు వాసన, ఎక్కడో ఒక పక్షి అరుపు. పిల్లలు విసుక్కుంటుంటే ఫ్లాస్కులో టీ తీశాం. కప్పు సగమయ్యేసరికి ముందు పొగగొట్టం కనపడింది, ఒక్క పొగగొట్టమే, గాల్లో. తర్వాత కప్పు వాలు. తర్వాత గోడ, దాని కింద తడిసిన నల్లరాళ్లు, చివరికి నీళ్లు. ఎండలో మళ్లీ రెండుసార్లు చూశాం ఆ కోటను. పిల్లలు ఈరోజుకీ చెప్పేది ఆ పొగగొట్టం గురించే.

బండి నడిపేటప్పుడు మాత్రం జాగ్రత్త. 100 మీటర్లకు మించి కనపడకపోతే హెడ్‌లైట్లు వేయాలి. ఫాగ్ లైట్లు కూడా వేయొచ్చు, తేటపడగానే వాటిని ఆపాలి. సంధ్యవేళ జింకలు రోడ్డెక్కుతాయి. పొగమంచులో కొండ ఎక్కొద్దు. కొండల వాతావరణ సూచన విడిగా వస్తుంది, ముందురోజు రాత్రే చూడండి. దారి తప్పితే 999కి ఫోన్ చేసి పోలీసు, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి.

ఏ కోటలు చూడాలి? అన్నీ ఒకేలా ఉండవా?

ఉండవు. రోజుకు ఒక్కటే చూడండి.

ఐలీన్ డోనన్ మూడు సముద్రపు పాయలు కలిసేచోట చిన్న దీవి మీదుంది. పాతకోటలా కనపడేది నిజానికి కొత్తగా కట్టింది. గద్దె పోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్లీ నిలబెట్టాలని పోరాడినవాళ్లను జాకోబైట్లు అంటారు. వాళ్ల 1719 తిరుగుబాటులో స్పెయిన్ సైనికులు అందులో ఉంటే బ్రిటిష్ యుద్ధనౌకలు ఫిరంగులతో కొట్టాయి. లోపల దొరికిన మందుగుండుతోనే కోటను పేల్చేశారు. రెండువందల ఏళ్లు మొండిగోడలుగా పడి ఉంది. 1911లో జాన్ మెక్రే గిల్‌స్ట్రాప్ అనే ఆయన ఆ దీవి కొని తిరిగి కట్టించాడు. 1932కి పూర్తయింది. ఆ వంతెన కూడా అప్పటిదే. ఇది తెలిశాక కొందరు నిరుత్సాహపడతారు. నాకైతే రాళ్లగుట్టను ఇరవై ఏళ్లు పట్టుబట్టి మళ్లీ ఇల్లు చేసిన మనిషి మీద గౌరవం పెరిగింది.

లాఖ్ నెస్ ఒడ్డున అర్కట్ కోట దీనికి పూర్తిగా తేడా. 1692లో కాపలా సైన్యం ఖాళీ చేసి వెళ్తూ శత్రువులకు పనికిరాకుండా పేల్చేసింది, తర్వాత ఎవరూ కట్టలేదు. విరిగిన బురుజు ఎక్కితే సరస్సు రెండువైపులా కనుచూపుమేర సాగుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది కిల్‌హర్న్. టిండ్రమ్ దగ్గర ఎ82 వదిలి ఎ85 మీద పడమరగా వెళ్తే డాల్మలీ దాటాక "లాఖ్ ఆ" (Loch Awe) అనే సరస్సు చివర కనపడుతుంది. 15వ శతాబ్దంలో క్యాంప్‌బెల్ వంశం కట్టిన కోట. 1760లో పిడుగు పడింది. ఒక బురుజు పైభాగం ఊడి ముంగిట్లో తలకిందులుగా పడింది, ఈరోజుకీ అలాగే ఉంది. మనిషి ఎత్తున్న రాతిముద్ద, అడుగుభాగం ఆకాశం వైపు, సందుల్లో గడ్డి. కదిపి సరిచేయకుండా వదిలేసినందుకు సంతోషమేసింది. లోపలికి వెళ్లే దారి కొన్నాళ్లు మూస్తుంటారు, మూసినా అవతలి ఒడ్డు నుంచి చూడొచ్చు.

ఇంట్లో మనుషులుండే కోట కావాలంటే స్కైలో డన్‌వేగన్. మెక్లౌడ్ వంశం దాదాపు ఎనిమిదివందల ఏళ్లుగా దాన్ని వదలలేదు. కుటుంబాన్ని ఆపదలో కాపాడుతుందని నమ్మే చిరిగిన పట్టుజెండా ఒకటి అద్దంలో పెట్టి ఉంచారు.

గ్లెన్కో లోయ చూసినవాళ్లందరూ దిగులుగా ఉంటుందంటారు. ఎందుకు?

1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున జరిగినదాని వల్ల. విలియం రాజుకు విధేయత ప్రమాణం చేయడానికి ఆ జనవరి 1 గడువు. గ్లెన్కో మెక్డానల్డుల పెద్ద ఆఖరి రోజున ఫోర్ట్ విలియం వెళ్లాడు. ఇక్కడ కుదరదు, ఇన్వరేరీ వెళ్లమన్నారు. మంచులో ప్రయాణం చేసి వెళ్లి ప్రమాణం చేసేసరికి జనవరి 6 అయింది. ఆ ఆలస్యాన్నే నేరం చేశారు. సైనికులు లోయకు వచ్చి దాదాపు రెండు వారాలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నారు, వాళ్ల పొయ్యి దగ్గరే తిన్నారు. ఆ తెల్లవారుజామున లేచి ఇంటివాళ్లను చంపారు. దాదాపు 38 మంది అక్కడికక్కడే పోయారు, తప్పించుకున్నవాళ్లలో మరికొందరు చలికి పోయారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటాం మనం. ఇది అంతకంటే ఘోరం.

కొండల మధ్య మనుషులు లేని లోయలు చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు అందరూ. వాటిలో చాలా లోయల్లో ఒకప్పుడు ఊళ్లుండేవి. 1746 ఏప్రిల్ 16న ఇన్వర్నెస్ దగ్గర కల్లోడెన్‌లో జాకోబైట్లకూ ప్రభుత్వ సైన్యానికీ జరిగిన యుద్ధం గంటలోపే ముగిసింది. జాకోబైట్ల వైపు దాదాపు పదిహేనువందల మంది పోయారు. తర్వాత హైలాండ్స్‌వాళ్ల కట్టుబట్టల మీద కూడా నిషేధం పెట్టారు, 1782 దాకా ఎత్తలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో గొర్రెల పెంపకం లాభమని భూస్వాములు కౌలుదార్లను ఖాళీ చేయించారు. చాలామంది ఓడలెక్కి కెనడా పోయారు. గడ్డిలో మోకాలెత్తు రాతిగోడలు నాలుగు పలకలుగా కనపడితే అది ఎవరిదో ఇల్లు. దాని మీద కూర్చుని పిక్నిక్ చేయొద్దని పిల్లలకు చెప్తాను.

హోటల్ మంచిదా, బి అండ్ బి మంచిదా?

కుదిరితే బి అండ్ బి. ఊళ్లో ఒక కుటుంబం తమ ఇంట్లోనే రెండు మూడు గదులు ఇచ్చి, పొద్దున్నే టిఫిన్ పెడుతుంది. సాయంత్రం నాలుగు తర్వాత రమ్మంటారు. ఆలస్యమైతే ఫోన్ చేసి చెప్పాలి, మనకోసం ఎవరో మేలుకుని ఉంటారు. బూట్లు గుమ్మం దగ్గరే విప్పండి. తడిసిన బూట్లను ఒక ఇంటావిడ అడక్కుండానే తీసుకెళ్లి, లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, బాయిలర్ ఉన్న అలమరలో పెట్టింది. పొద్దున్నకు పొడిగా, వెచ్చగా ఉన్నాయి. మా ఇంట్లో వాన పడ్డ ప్రతిసారీ ఇప్పుడు అదే పద్ధతి.

గదిలో కెటిల్, టీ పొట్లాలు, రెండు బిస్కట్లు ఉంటాయి. బాత్రూములో పైనుంచి రెండు తాళ్లు వేలాడుతుంటాయి: ఒకటి లైటుకి, ఎర్రబల్బు వెలిగేది షవర్ వేడినీళ్లకి. అది లాగకుండా చన్నీళ్లతో స్నానం చేసి వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మగ్గు ఉండదు, ఒకటి సంచిలో వేసుకోండి. చెక్కనేల కాబట్టి రాత్రి పదయ్యాక మెల్లగా నడవాలి.

స్కై దీవిలో గదులకు నాలుగైదు నెలల ముందే బుక్ చేయండి. ఇప్పుడు ఇలాంటి ఇళ్లన్నిటికీ స్థానిక కౌన్సిల్ లైసెన్స్ ఉండాలి, ప్రకటనలో ఆ నంబరు ఉందో లేదో చూసుకోండి.

శాకాహారులం. ఏం తినాలి?

బుక్ చేసేటప్పుడే చెప్పండి, పొద్దున చెప్తే వాళ్లకు కష్టం. మామూలు స్కాటిష్ టిఫిన్ పళ్లెంలో పంది సాసేజి, బేకన్, రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగు, గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులతో చేసే హాగిస్ ఉంటాయి. వాటి బదులు పుట్టగొడుగులు, టొమాటో, బీన్స్, బంగాళదుంప రొట్టె, ఓట్స్ జావ పెడతారు. శాకాహార హాగిస్ కూడా ఉంది, పప్పులు, ఓట్స్, మిరియాలతో చాలా బాగుంటుంది. జావలో ఉప్పు వేసుకోవడం ఇక్కడి పాత అలవాటు, అంబలి తాగేవాళ్లకు ఇట్టే నచ్చుతుంది.

ఒక హెచ్చరిక. మధ్యాహ్నం ఎక్కడికెళ్లినా పప్పు సూపు ఉంటుంది. పప్పే కదా అని తీసుకోవద్దు, చాలాచోట్ల పంది ఎముకతో ఉడికిస్తారు. అడిగి తీసుకోండి.

ఊళ్లలో పబ్బు వంటిల్లు రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకే కట్టేస్తారు. మనం తినే వేళకు ఏమీ దొరకదు. ఫోర్ట్ విలియం, ఇన్వర్నెస్‌లలో ఇండియన్ రెస్టారెంట్లున్నాయి. వండుకోవాలంటే బి అండ్ బి కాదు, వంటగది ఉన్న కాటేజి తీసుకోవాలి. పొడులు, పచ్చళ్లు తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవాలాంటి పాలపదార్థాలు, మాంసం పచ్చళ్లు ఇండియా నుంచి తేకూడదు, విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

పెట్రోలు, ఫోన్ సిగ్నల్, డబ్బు?

ట్యాంకు సగమవ్వగానే నింపండి. లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. కార్డు అన్నిచోట్లా నడుస్తుంది. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు వేస్తాయి, మిగిలినవి లండన్ వెళ్లేలోపే ఖర్చు పెట్టేయండి. అక్కడి షాపులవాళ్లు ఒక్కోసారి తటపటాయిస్తారు.

ఈ ప్రాంతానికీ మనకూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, పెద్దదే. కాలిన్ మెకంజీ పుట్టింది ఇక్కడి లూయిస్ దీవిలో, స్టోర్నొవే రేవులో. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన ఊరూరి చరిత్రలు రాయించి పోగుచేసిన మెకంజీ ఆయనే. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మా తాతగారి ఊరి గురించి పాతకాలపు సంగతేదైనా మాకు తెలుసంటే ఆ కైఫియత్తుల వల్లే. ఉల్లపూల్ నుంచి స్టోర్నొవేకు ఓడ ఉంది, రెండున్నర గంటలకు పైనే పడుతుంది. సమయముంటే వెళ్లండి.

అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. తీసుకురావచ్చా?

తప్పకుండా. కింది అంతస్తు గది అడగండి, పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. రోజుకు మూడు గంటలకు మించి కార్లో కూర్చోబెట్టొద్దు. వానకోటు గొడుగు కంటే మేలు, ఇక్కడి గాలికి గొడుగు తిరగబడుతుంది. కోటల లోపల గుండ్రటి రాతిమెట్లు ఇరుకు. వాళ్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టినా నష్టం లేదు, చూడాల్సింది ఎక్కువగా బయటే ఉంది.

మా అమ్మకు ఇంగ్లీషు రాదు. పోర్ట్రీ దగ్గర మేము దిగిన ఇంటావిడ కూడా అమ్మ వయసే. మొదటి సాయంత్రం అమ్మ జంతికల డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఒకటి కొరికి, ఇంకొకటి తీసుకుంది. మూడో రోజు పొద్దున మేము సామాను సర్దుతుంటే ఆ డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. మూత తీస్తే లోపల కాగితం పరిచి, అప్పుడే చేసిన ఓట్స్ రొట్టెలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. కారు కదిలాక అమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని, "చూశావా, ఖాళీ డబ్బా ఇవ్వలేదు" అంది.